ల లోక్ల్‌లో ఒక అటక

ఇంటికి తిరిగొచ్చి వారం కాలేదు, బట్టలు ఇంకా సగం పెట్టెలోనే ఉన్నాయి. చూసినవి మసకబారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

స్విట్జర్లాండ్ అనగానే మనవాళ్ళకి జూరిక్, లూసర్న్, మంచుకొండ ఎక్కే రైలు గుర్తొస్తాయి. మేం అటు పోలేదు. ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకుని జూరా కొండలున్నాయి. అక్కడ నూషాటెల్ అనే చిన్న కాంటన్‌లో (అక్కడి రాష్ట్రం లాంటిది), వాచీలు పుట్టిన ఊళ్ళ చుట్టూ తిరిగాం. అందుకు కారణం నా చేతికున్న జెనిత్ వాచీ. 1950ల నాటిది, రోజూ కీ ఇవ్వాలి, ఆరంకె దగ్గర బుల్లి సెకన్ల డయల్ ఉంటుంది. మా మేనమామ రైల్వేలో చేరిన కొత్తల్లో కొనుక్కున్నాడు. అది నా చేతికొచ్చాక దాన్ని తయారుచేసిన కంపెనీ చరిత్ర దొరికినంత చదివాను. చదివిన ప్రతిసారీ ఒక్క మనిషి దగ్గర ఆగిపోయేదాన్ని. ఆయన పేరు షార్ల్ వెర్మో. యజమాని కాదు, డిజైనర్ కాదు, వర్క్‌షాప్‌లో పనిచేసిన మనిషి. ఆయన పనిచేసిన చోటు, పైవాళ్ళ కంట పడకుండా సామాను దాచిన చోటు కళ్ళారా చూడాలని నా కోరిక.

మా అక్క కొడుకు లొసాన్‌లో చదువుకుంటున్నాడు. వాడికి ఫ్రెంచి బాగా వచ్చు. "పిన్నీ, ఆ ఊళ్ళకి ఎవరూ వెళ్ళరు" అంటూనే సెలవు పెట్టి వచ్చాడు.

జూన్ 1, ఆదివారం: నూషాటెల్

సరస్సు ఒడ్డున పసుపుపచ్చ రాతితో కట్టిన ఊరు. ఆదివారం కావడంతో కొట్లన్నీ మూసి ఉన్నాయి. మేం ఆ రోజే రావడానికి కారణం ఉంది. ఇక్కడి మ్యూజియంలో ప్రతి నెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం మూడు బొమ్మలకు కీ ఇచ్చి ఆడిస్తారు.

పియేర్ జాకే ద్రో, ఆయన కొడుకు ఆన్రీ లూయీ, వాళ్ళ దగ్గర పనిచేసిన ఝాన్ ఫ్రెడెరిక్ లెషో కలిసి చేసిన బొమ్మలివి. 1774లో మొదటిసారి జనానికి చూపించారు. ఒకటి రాసే పిల్లాడు, ఒకటి బొమ్మలు గీసే పిల్లాడు, ఒకటి ఆర్గన్ వాయించే అమ్మాయి. రాసే పిల్లాడి ఒంట్లో దాదాపు 6,000 భాగాలున్నాయి. ఈక కలాన్ని సిరాలో ముంచుతాడు, ఒకసారి దులుపుతాడు, అప్పుడు కాగితం మీద పెడతాడు. కలం కదులుతుంటే కళ్ళు దాని వెంటే పోతాయి. వీపు తలుపు తీసి లోపల ఒకదానిమీద ఒకటి పేర్చిన క్యామ్‌లు, అంటే కదలికలను నడిపే గంట్ల చక్రాలు చూపించారు. 40 అక్షరాలు మించకుండా ఏ వాక్యం కావాలంటే అది రాసేలా అమర్చవచ్చు. వాయించే అమ్మాయి వేళ్ళు నిజంగానే మెట్లు నొక్కుతాయి, వాయిస్తున్నంతసేపూ ఊపిరి పీల్చి వదిలినట్టు గుండె ఎగసి పడుతుంది. ముందు వరసలో కూర్చున్న ఐదేళ్ళ పిల్ల అరుస్తుందేమోననుకున్నాను. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్న భోజనం సరస్సు పక్కనే. సరస్సులో దొరికే పెర్చ్ చేప ముక్కలు, వెన్నలో వేయించి, ఉడికించిన బంగాళాదుంపలతో పెట్టారు. ప్లేటు దగ్గర దగ్గర నలభై ఫ్రాంకులు, అంటే నాలుగు వేల రూపాయల పైమాటే. చేప ఎంత తాజాగా ఉందో ఉప్పూకారం అంత తక్కువ. సంచిలోంచి కారప్పొడి సీసా తీశాను. వడ్డించిన అమ్మాయి అదేమిటని అడిగి, చిటికెడు నాలిక మీద వేసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకో చిటికెడు అడిగింది.

సాయంత్రం కొండ మీద ఉన్న అబ్జర్వేటరీ దాకా నడిచాం. 1858లో కట్టారు. ఇక్కడ నక్షత్రాలను చూసి లెక్కగట్టిన కచ్చితమైన సమయం టెలిగ్రాఫ్ తీగ మీద కొండల్లోని వాచీ ఊళ్ళకి చేరేది. కంపెనీలు తమ అత్యుత్తమ గడియారాలను ఇక్కడికి పోటీకి పంపేవి. నెలన్నర పాటు రకరకాల భంగిమల్లో, వేడిలో, చల్లదనంలో ఉంచి పరీక్షించేవారు. జెనిత్‌లో ఎఫ్రెమ్ జోబాన్ రూపొందించిన 135 అనే మూవ్‌మెంట్ (వాచీ లోపలి యంత్రం) ఈ పోటీలో 1950 నుంచి 1954 దాకా వరసగా ప్రతి ఏడూ మొదటి బహుమతి తీసుకుంది. నిమిషాల చక్రం మామూలుగా నట్టనడుమ ఉంటుంది. జోబాన్ దాన్ని పక్కకి జరిపి, ఆ ఖాళీలో, అటూఇటూ ఊగుతూ వాచీ నడకను నిలిపే బ్యాలెన్స్ వీల్ పెద్దది పట్టేలా చేశాడు. వీల్ పెద్దదైన కొద్దీ వాచీ నడక నిలకడగా ఉంటుంది. పోటీకి వెళ్ళే మూవ్‌మెంట్లను సరిచేసింది షార్ల్ ఫ్లెక్, రెనే జిగాక్స్ అనే ఇద్దరు. ఒక్కొక్క స్ప్రింగును రోజుల తరబడి సవరించేవాళ్ళు. పతకాలు కంపెనీ పేరు మీద వెళ్ళాయి. ఈ ఇద్దరి పేర్లు కూడా చరిత్రలో నిలిచాయంటే నాకు సంతోషం.

జూన్ 2, సోమవారం: లా షో ద ఫోన్

కొండ ఎక్కుతున్న రైలు షాంబ్రెలియాన్ అనే స్టేషన్లో ఆగి, వచ్చిన దిక్కుకే మళ్ళీ బయల్దేరుతుంది. డ్రైవరు దిగి ప్లాట్‌ఫాం మీద నడుచుకుంటూ రెండో చివరికి వెళ్ళాడు. రోజూ వచ్చేవాళ్ళు ముందే వెనక్కి తిరిగి కూర్చున్నారు, అప్పటికిగానీ మాకు విషయం అర్థం కాలేదు.

లా షో ద ఫోన్ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. 1794లో ఊరు చాలామటుకు కాలిపోయింది. తర్వాత గళ్ళ కాగితం మీద గీతలు గీసినట్టు తిన్నటి వీధులతో మళ్ళీ కట్టారు. అందానికి కట్టింది కాదిది. వాచీ పని కిటికీ దగ్గర కూర్చుని చేసే పని, వెలుతురు లేకపోతే చెయ్యి ఆడదు. ఒక ఇంటి నీడ ఇంకో ఇంటి కిటికీ మీద పడకుండా వరసకీ వరసకీ మధ్య తోటలు వదిలారు. పై అంతస్తుల్లో కిటికీలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటే అక్కడ ఒకప్పుడు పనివాళ్ళ బల్లలు ఉండేవని అర్థం. ఒక ఇంట్లో డయల్, ఇంకో ఇంట్లో ముళ్ళు, మరో ఇంట్లో కేసు తయారయ్యేవి. ఊరంతా కలిపి ఒకే వాచీ కర్మాగారం అని కారల్ మార్క్స్ రాసింది ఈ ఊరి గురించే. 2009లో దీన్నీ పక్కనున్న ల లోక్ల్‌నూ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అన్నీ ఒక్కలాంటి వీధులే కావడంతో దిగాల్సిన చోటు దొరకలేదు. ఇంటి నంబరు సరిగ్గా ఉంది, రంగు సరిగ్గా ఉంది, తలుపు మీద పేరు మాత్రం వేరు. మేమున్నది ఒక వీధి పైన. కుక్కను తిప్పుతున్న ఒకావిడ దారి చెప్పి ఊరుకోలేదు, పెట్టె ఒకటి తను లాగుతూ గుమ్మం దాకా వచ్చింది. వీడు నేరుగా చిరునామా అడగబోతే ఆవిడ ముందు "బోన్‌జూర్" అని, వీడు తిరిగి అనేదాకా ఆగింది. ఇక్కడ కొట్టుకి వెళ్ళినా, లిఫ్ట్ ఎక్కినా, బస్సు డ్రైవరు ముందుకు వెళ్ళినా ఆ పలకరింపు ముందు. అది లేకుండా ఏమడిగినా మర్యాద తప్పినట్టే లెక్క.

సోమవారం మ్యూజియాలకు సెలవు. ఊరంతా కాలినడకన తిరిగాం. చండీగఢ్ నగరానికి రూపకల్పన చేసిన ల కార్బూజియే 1887లో ఇక్కడే పుట్టాడు. ఆయన తండ్రి వాచీ డయళ్ళకు ఎనామెల్ వేసేవాడు. కొడుకు కూడా మొదట నేర్చుకున్నది వాచీ కేసుల మీద నగిషీ పనే. ఆ చదువు చెప్పిన బడి గురువు షార్ల్ లెప్లాత్‌నియే, పువ్వులు, లతలకు బదులు చుట్టుపక్కల అడవిలోని ఫర్ చెట్టును అలంకారంగా తీసుకోమని పిల్లలకు నేర్పాడు. 1900 ప్రాంతంలో కట్టిన ఇళ్ళ మెట్ల దగ్గర, గాజు కిటికీల్లో ఇప్పటికీ ఫర్ కాయలు, ఆకులు కనిపిస్తాయి. తెరిచి ఉన్న ఒక తలుపులోంచి తొంగిచూస్తుంటే లోపలి నుంచి దిగుతున్న పెద్దాయన మమ్మల్ని పిలిచి మూడో అంతస్తు దాకా గోడల మీది బొమ్మలు చూపించాడు.

రాత్రి ఫాండ్యూ. ఇద్దరికీ కలిపి 58 ఫ్రాంకులు. మట్టికుండలో గ్రుయేర్, ఎమెంతాల్ జున్నులు ఇక్కడి తెల్ల వైన్‌లో కరిగించి, కింద చిన్న మంట పెట్టి తెస్తారు. రొట్టె ముక్క గుచ్చి, అడుగంటా తిప్పాలి. తిప్పకపోతే పక్క బల్లవాళ్ళు కూడా చూసి తిప్పమని సైగ చేస్తారు. జున్నంతా అయిపోయాక అడుగున గట్టిపడిన పొర మిగులుతుంది. మా అమ్మమ్మ పాలగిన్నె అడుగు గోకి పెట్టే గోకుడులాంటిది. దాన్ని హోటలావిడే వచ్చి చాకుతో లేపి ఇద్దరికీ సమంగా పంచింది. మొత్తం భోజనంలో నాకు నచ్చింది అదే.

జూన్ 3: గడియారాల మ్యూజియం

ఇక్కడ హోటల్లో దిగినవాళ్ళకి ఒక కార్డు ఇస్తారు. దానితో కాంటన్‌లోని రైళ్ళు, బస్సులు, మ్యూజియాలు అన్నీ ఉచితం. ఇంత ఖరీదైన దేశంలో అది పెద్ద ఊరట.

అంతర్జాతీయ గడియారాల మ్యూజియం నేలలోపల ఉంది, 1974లో తెరిచారు. నీడ గడియారాలు, చర్చి గోపురాల యంత్రాలు, ఓడల క్రోనోమీటర్లు ఎన్నో ఉన్నాయి. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం అద్దం వెనకున్న మరమ్మతు గదికి ఎదురుగా. ఒక అమ్మాయి కంటికి ఐగ్లాస్ పెట్టుకుని, చిమటాతో ఒక హెయిర్‌స్ప్రింగ్‌ను పట్టుకుంది. తలవెంట్రుక కంటే సన్నటి ఉక్కు చుట్ట. అందులో ఒక చుట్టు పక్కదానికి తగులుతున్నట్టుంది. చుట్టును తాకుతుంది, వదిలేస్తుంది, తల పక్కకి వంచి చూస్తుంది, మళ్ళీ తాకుతుంది. అరగంటలో చుట్ట విప్పుకుని అన్ని వైపులా సమంగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు తలెత్తి నా వైపు చూసి, నా మణికట్టు వైపు చూసి నవ్వింది. విజయవాడ బీసెంట్ రోడ్డులో నా వాచీ బాగుచేసే ఆయన కూడా ఇలాగే తల పక్కకి వంచుతాడు.

జూన్ 5: ల లోక్ల్

రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. స్టేషన్ కొండవాలు మీద ఉంటుంది, ఊరు కింద లోయలో. ఏటవాలుగా దిగే లిఫ్టు ఒకటి ఉచితంగా కిందికి దింపుతుంది. పదివేల చిల్లర జనం ఉన్న ఊరు. ఇక్కడే 1737లో ఫావ్ర్ లూబా, 1846లో యులిస్ నార్దాన్, 1853లో టిస్సో, 1865లో జెనిత్ మొదలయ్యాయి. ఫావ్ర్ లూబా పేరు మన పాతతరానికి కొత్తకాదు. పెళ్ళికొడుక్కి పెట్టే వాచీల్లో దానికి ఒకప్పుడు మంచి గిరాకీ.

వీధి మలుపులో డానియెల్ ఝాన్ రిషార్ కంచు విగ్రహం ఉంది. కమ్మరి కుర్రాడు. ఊళ్ళోకి వచ్చిన గుర్రాల వ్యాపారి దగ్గర ఆగిపోయిన ఇంగ్లీషు వాచీని బాగుచేసి, దాన్ని చూసి తనే ఒకటి తయారుచేశాడని, జూరా కొండల్లో వాచీ పనికి అదే మొదలని కథ. అందులో నిజమెంతో కల్పనెంతో చరిత్రకారులు వాదించుకుంటారు. చలికాలమంతా మంచు కప్పేసే కొండల్లో, పొలం పని లేని నెలల్లో రైతులు కిటికీ పక్కన కూర్చుని వాచీ భాగాలు చేసి బతికారన్నది మాత్రం వాదన లేని సంగతి.

ఊరి పైన షాతో దె మోన్ అనే పాత భవనంలో ఇంకో గడియారాల మ్యూజియం ఉంది. అక్కడికి బస్సు కోసం చూస్తూ, ఇంతలో నడిచిపోవచ్చని బయల్దేరి, మెట్లదారి ఒకటి ఎక్కితే అది ఎవరిదో కూరగాయల తోటలో తేలింది. ఆ తోటాయన మమ్మల్ని వెనక్కి పంపలేదు. కంచె తలుపు తీసి, తన బీన్స్ మడుల మధ్యగా అడ్డదారి చూపించాడు.

దిగివచ్చేటప్పుడు జెనిత్ స్థాపకుడు జార్జ్ ఫావ్ర్ జాకో ఇల్లు చూశాం. 1912లో కట్టారు. కట్టింది ఇంకా ల కార్బూజియే అనే పేరు పెట్టుకోని ఆ పాతికేళ్ళ కుర్రాడే. ఇప్పుడు ప్రైవేటు ఆస్తి, బయటి నుంచే చూడాలి. బండి వచ్చి తిరగడానికి వీలుగా ముందు గుండ్రటి ఆవరణ ఉంది. చండీగఢ్‌లోని సిమెంటు భవనాలు చూసినవాళ్ళు ఈ ఇంటి స్తంభాలు, సున్నితమైన నగిషీ చూస్తే ఆయనదేనంటే నమ్మరు.

జూన్ 6: జెనిత్

ఇక్కడ కార్డు చెల్లదు, సందర్శనకు వేరే టికెట్టు. గుంపులో మేమిద్దరం కాక ఓ జర్మన్ జంట, ఒంటరిగా వచ్చిన జపాన్ కుర్రాడు.

ఫావ్ర్ జాకో 22 ఏళ్ళ వయసులో ఈ కంపెనీ పెట్టాడు. అప్పటిదాకా ఇళ్ళకు పంచిన పనిని ఒకే ఆవరణలోకి తేవాలన్నది ఆయన పంతం. ఇప్పుడు 18 భవనాలున్నాయి. వెలుతురు కోసం ఇక్కడా నిలువెత్తు కిటికీలే. ఆయన పెట్టుకున్న పేరు జెనిత్ కాదు. ఆ పేరున్న మూవ్‌మెంట్‌కు 1900 పారిస్ ప్రదర్శనలో పెద్ద బహుమతి వచ్చాక, 1911లో దాన్నే కంపెనీకి పెట్టారు. 1909లో ఇంగ్లీషు ఛానెల్ మీదుగా విమానం నడిపిన బ్లెరియో చేతికున్నది జెనిత్. మేం భారతదేశం నుంచి వచ్చామని తెలియగానే మమ్మల్ని తిప్పుతున్న ఆవిడ గాంధీ గారి మాట ఎత్తింది. ఆయన వాడిన జెనిత్ జేబు గడియారాన్ని 1947లో కాన్పూర్ వెళ్ళే ప్రయాణంలో ఎవరో కొట్టేశారు. నెలల తర్వాత తీసినవాడే తెచ్చిచ్చి క్షమించమన్నాడని చెబుతారు. 2009లో న్యూయార్క్ వేలంలో ఆయన కళ్ళద్దాలు, చెప్పులతోపాటు అదీ అమ్ముడైంది. జపాన్ కుర్రాడు ఆ కథ పుస్తకంలో రాసుకున్నాడు.

తెల్లకోట్లు వేసుకుని లోపలికి నడిచాం. ఇత్తడి పలకలు కోసే యంత్రాల గదిలో నూనె వాసన. పై అంతస్తులో నిశ్శబ్దం, వరసగా బల్లలు. ఒక బల్ల మీద ఎల్ ప్రిమెరో అనే క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీ) మూవ్‌మెంట్‌కు బ్యాలెన్స్ బిగిస్తున్నారు. అది ఊపందుకున్న క్షణంలో చప్పుడు విన్నాను. నా వాచీ గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, ఒక్కొక్క చప్పుడూ వినబడుతుంది. ఇది గంటకు 36,000 సార్లు. చప్పుడు చప్పుడుగా ఉండదు, ఒకటే జోరు. సెకనులో పదోవంతు కొలవాలంటే ఆ వేగం కావాలి. ఆ వేగానికి నూనె చెదిరిపోతుంది కాబట్టి మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే పొడి కందెన వాడాల్సి వచ్చింది.

ఎల్ ప్రిమెరో మీద 1962లో పని మొదలుపెట్టి, కంపెనీ నూరేళ్ళ పండుగకు 1965లో తేవాలనుకుని, చివరకు 1969 జనవరి 10న లోకానికి చూపించారు. తనంతట తాను కీ తీసుకునే క్రోనోగ్రాఫ్ అప్పటిదాకా ఎవరూ చేయలేదు. అదే ఏడు మార్చిలో బ్రైట్‌లింగ్, హోయర్ జట్టు తమది చూపించింది. జపాన్‌లో సీకో కూడా తనది తెచ్చింది. ఎవరిది మొదటిదన్న గొడవ ఇప్పటికీ తెగలేదు. అద్దాల బీరువాలో ఎల్ ప్రిమెరో ఉన్న ఆ ఏటి వాచీ, ఏ386 అనే మోడల్ ఉంది. 38 మిల్లీమీటర్ల కేసు, తెల్ల డయల్ మీద నీలం, బూడిద రంగుల్లో ఒకదానిమీద ఒకటి ఎక్కిన మూడు చిన్న వలయాలు. ఫోటోల్లో ఎన్నిసార్లు చూసినా ఆ నీలం ఇంత లేతగా ఉంటుందనుకోలేదు.

అదే 1969 డిసెంబరు 25న సీకో బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత ఈ కొండల్లో ఏం జరిగిందో చెప్పడానికి ఒక లెక్క చాలు. 1970లో స్విస్ వాచీ పరిశ్రమలో పనిచేసేవాళ్ళు దాదాపు 90,000 మంది. 1980ల మధ్యకు మిగిలింది 30,000 పైచిలుకు. జెనిత్ అప్పటికే చికాగోలోని జెనిత్ రేడియో కంపెనీ చేతిలో ఉంది. పేరు ఒకటే, అంతకుమించి సంబంధం లేదు. 1975లో అక్కడి నుంచి ఆజ్ఞ వచ్చింది. కీ వాచీల తయారీ ఆపేయండి, యంత్రాలు, అచ్చులు తుక్కు కింద అమ్మేయండి అని.

వెర్మో పైవాళ్ళకు ఉత్తరం రాశాడు. తాను ప్రగతికి వ్యతిరేకం కాననీ, యాంత్రిక క్రోనోగ్రాఫ్ శాశ్వతంగా పోతుందనుకోవడం పొరపాటనీ చెప్పుకున్నాడు. ఫలితం లేకపోయింది. అప్పుడు పైవాళ్ళకు తెలియకుండా పని మొదలుపెట్టాడు. ఎల్ ప్రిమెరో భాగాలు కొట్టే అచ్చులు, క్యామ్‌లు, కోతపనిముట్లు, నూట యాభై దాకా ప్రెస్‌లు, చీకటి పడ్డాక మెట్ల మీదుగా అటక మీదికి చేర్చాడు. ఆయన సోదరుడొకరు సాయం చేశాడు.

ఇప్పుడు సందర్శకులను ఆ అటక మీదికి తీసుకెళ్తున్నారు. చెక్కమెట్లు ఇరుగ్గా ఉన్నాయి, ఖాళీ చేతులతో ఎక్కడానికే పక్క కమ్మీ పట్టుకోవాల్సి వచ్చింది. పైన దూలాలు, దుమ్ము, పాత గ్రీజు వాసన, వరసగా చెక్క అరలు. అరల్లో ఉక్కు అచ్చులు. ఒకటి చేతికిచ్చారు. అరచేతిలో పట్టే ముక్క, కానీ చెయ్యి కిందికి లాగేసింది. ప్రతిదానికీ చీటీ ఉంది. నన్ను కదిలించింది ఆ చీటీలే. సామాను దాచేయడం ఒక ఎత్తు. అయితే వెర్మో ఏ పనిముట్టు ఏ భాగానికి, ఏది ముందు ఏది తర్వాత, అన్నీ రాసి పెట్టాడు. తను లేకపోయినా ఇంకొకరు వచ్చి మొదలుపెట్టగలిగేలా రాశాడు. పట్టుబడితే ఉద్యోగం పోయే పని అది. ఆ రోజుల్లో ఇక్కడ ఉద్యోగం పోతే ఇంకోటి దొరకదు.

1978లో కంపెనీ మళ్ళీ స్విస్ వాళ్ళ చేతికొచ్చింది. 1984లో ఎల్ ప్రిమెరోను తిరిగి తయారుచేద్దామనుకునేసరికి అంతా అటక మీద సిద్ధంగా ఉంది. 1988లో రోలెక్స్ తన డేటోనా అనే క్రోనోగ్రాఫ్‌కు ఈ మూవ్‌మెంట్‌నే కొంత మార్చి తీసుకుని 2000 దాకా వాడింది. ఈరోజు జెనిత్ ప్రకటనల్లో వారసత్వం అన్న మాట ఎక్కడ కనిపించినా నాకు గుర్తొచ్చేది ఆ చీటీలే. కంపెనీ కాగితాల్లో ఆ యేడు అదంతా తుక్కు. తుక్కు కాదని ఒక పనివాడు ఒక్కడే అనుకున్నాడు, అందుకే ఇవాళ కంపెనీ ఉంది.

హెచ్.ఎం.టి. వాచీల విభాగాన్ని 2016లో మూసేశారు. మా ఇంట్లో అందరి చేతికీ ఉన్న వాచీలవి. అక్కడ ఎన్ని అచ్చులు, ఎంతమంది చేతి నైపుణ్యం పోయి ఉంటుందోనని ఆ దూలాల కింద నిలబడి చాలాసేపు ఆలోచించాను. "పిన్నీ, అందరూ దిగిపోయారు" అని వీడు పిలిచేదాకా కదల్లేదు.

జూన్ 7: లే పోన్ ద మార్తెల్

ఎల్ ప్రిమెరో పని ఎక్కువగా జరిగింది ల లోక్ల్‌లో కాదు. జెనిత్ కొనేసిన మార్తెల్ అనే క్రోనోగ్రాఫ్ కంపెనీ ఈ పల్లెలో ఉండేది. లా షో ద ఫోన్ నుంచి చిన్న రైలు పచ్చిక లోయలోంచి వెళ్ళి ఇక్కడ ఆగిపోతుంది, ముందుకు పట్టాలు లేవు. ఆవులు, వాటి మెడల్లో గంటలు, నల్లటి బురద నేల. ఇంత చిన్న ఊళ్ళో గంటకు 36,000 సార్లు కొట్టుకునే యంత్రం తయారైందంటే కళ్ళతో చూస్తేగానీ నమ్మబుద్ధి కాదు.

మార్తెల్ కంపెనీ భవనం ఏదో ఎవరినడగాలో తెలియక కాఫీ హోటల్లో కూర్చున్నాం. ఎండుద్రాక్ష వేసిన తాయోల్ రొట్టె, కాఫీ. పక్క బల్ల దగ్గర పత్రిక చదువుతున్న ఒక పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, "బోన్‌జూర్" అయ్యాక నా వాచీ చూడొచ్చా అని అడిగాడు. విప్పి ఇచ్చాను. ముందు వెనక్కి తిప్పలేదు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు విని, నూనె వేసి ఎన్నాళ్ళయిందన్నాడు. నాలుగేళ్ళు అన్నాను. "అలాగే ఉంది, ఈ ఏడు చేయించండి" అన్నాడు. డయళ్ళ కార్ఖానాలో పద్నాలుగేళ్ళు చేశాడట. 1970ల్లో అది మూతపడ్డాక రోడ్ల శాఖలో చేరి, చలికాలం మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. ఆ కార్ఖానాలో అంకెలు అద్దే మెత్తటి రబ్బరు దిండు ఎలా నొక్కాలో బల్ల మీద బొటనవేలితో చూపించాడు. యాభై ఏళ్ళయినా ఆ వేలు ఆగాల్సిన చోట ఆగింది.

మీ ఊళ్ళో ఇది ఎవరు బాగుచేస్తారని అడిగాడు. బీసెంట్ రోడ్డు ఆయన గురించి చెప్పాను, తండ్రి దగ్గర పని నేర్చుకున్నాడనీ, పాత జెనిత్‌లు ముక్కలైనవి ఎక్కడ దొరికినా భాగాల కోసం కొని డబ్బాల్లో పేరు రాసి పెట్టుకుంటాడనీ. వీడు ఫ్రెంచిలో చెబుతుంటే పెద్దాయన మధ్యలో ఆపి, పేరు రాసి పెడతాడా అని రెండోసారి అడిగాడు. అవునంటే తల ఊపాడు. ఆ తర్వాత మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, మేం అప్పటికే రెండుసార్లు దాటిపోయిన ఒక మామూలు భవనం ముందు నిలబెట్టి, పై అంతస్తు కిటికీల వరస చూపించాడు. రైలుకి టైమైందని గుర్తు చేసిందీ ఆయనే.

కాఫీ హోటలుకి డబ్బులివ్వాలని పరుగున వెనక్కి వెళ్తే, ఆయన మా ఇద్దరివీ ముందే ఇచ్చేశాడని చెప్పారు.